ఇల్లు అమ్మే ముందు వంటింటి సామాన్లు మార్చాలా, వద్దా? తేల్చుకునే పద్ధతి

"ఫ్రిజ్ కొని పన్నెండేళ్ళయింది, ఓవెన్ తలుపు వదులైపోయింది, చిమ్నీ మోత పెడుతోంది. ఇవన్నీ మార్చేసి ఇల్లు అమ్మకానికి పెడితే మంచి ధర వస్తుందా?" ఇల్లు అమ్మబోతున్న వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

చాలామందికి నేను చెప్పేది "తొందరపడకండి" అనే. పాతదైనా బాగా పనిచేస్తున్న సామానుకి కొనేవాళ్ళు పెద్దగా ధర తగ్గించరు. పనిచేయనిది కనబడితే మాత్రం దాని ఖరీదుకి మించి తగ్గించమంటారు. కొత్తది కొనడానికయ్యే డబ్బు, దాని కోసం తిరిగే తిరుగుడు, పైగా "పైకి కనబడేదే ఇలా ఉంటే గోడ లోపలి పైపుల సంగతేమిటో" అన్న అనుమానం, అన్నీ కలిపి లెక్కేసుకుంటారు మరి. ఆ అనుమానం వీలైనంత తక్కువ ఖర్చులో పోవాలి. కింద చెప్పిన వరసంతా దానికోసమే.

## 1. ఇంటితో ఉండేవి, మీతో వచ్చేవి విడదీయండి

షాపుకి వెళ్ళే ముందే ఈ పని జరగాలి. మీతో తీసుకెళ్ళే ఫ్రిజ్ మీద అమ్మకం కోసం డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

కప్‌బోర్డులో బిగించిన ఓవెన్, గట్టులో అమర్చిన స్టవ్ (హాబ్), గోడకు బిగించిన చిమ్నీ, అల్మరాల వరసలో కూర్చున్న డిష్‌వాషర్ ఇంటితోనే వస్తాయని కొనేవాళ్ళు అనుకుంటారు. ప్లగ్ తీసి పట్టుకెళ్ళగలిగే ఫ్రిజ్, మైక్రోవేవ్, గట్టు మీద పెట్టుకునే స్టవ్ అమ్మేవాళ్ళవని అనుకుంటారు. ఇది అందరూ ఒప్పుకున్న నియమమేమీ కాదు. అందుకే ఒక్కో వస్తువు ఇస్తున్నారో లేదో కాగితం మీద ఉండాలి. చివరికి అగ్రిమెంట్‌లో కూడా ఆ జాబితా చేర్చండి.

మీతో తీసుకెళ్ళాలనుకున్నది బాగా కొత్తగా, అందంగా ఉంటే ఇల్లు చూపించేలోపే దాన్ని తీసేయడం మేలు. ఒకసారి చూశాక "అది కూడా ఇస్తారనుకున్నాం" అనే మాట వస్తుంది.

## 2. ఒక పూట కూర్చుని పరీక్షించండి

"పనిచేస్తుందిలే" అని నోటితో అనుకుంటే చాలదు. ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కో వస్తువుకి ఒక పేజీ కేటాయించండి. మోడల్ నంబరు, కొన్న సంవత్సరం, వారంటీ ఉందా, ఇప్పటి లోపాలు రాయండి.

మోడల్ నంబరున్న చిన్న పలక ఫ్రిజ్‌కి లోపలి గోడ మీద, తరచు కింది డ్రాయర్ పక్కన ఉంటుంది. డిష్‌వాషర్‌కి తలుపు అంచున, ఓవెన్‌కి తలుపు తెరిస్తే చట్రం మీద, చిమ్నీకి ఫిల్టర్ తీస్తే లోపల కనబడుతుంది. హాబ్‌కి మాత్రం అడుగున ఉంటుంది, దానికి కింది అల్మరా తెరిచి టార్చి వేయాలి.

ఫ్రిజ్. ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటరు పెట్టి రాత్రంతా మధ్య అరలో ఉంచండి. తెల్లారేసరికి 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపిస్తే బాగున్నట్టు. ఫ్రీజర్ సుమారు మైనస్ 18 ఉండాలి. తలుపు రబ్బరుకి కాగితం పరీక్ష చేయండి: ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగాలి. బిగువు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పోయినట్టే. ఇలా తలుపు చుట్టూ ఏడెనిమిది చోట్ల చూడండి. లోపల అడుగున నీళ్ళు చేరుతుంటే వెనక గోడ కింద ఉండే డ్రెయిన్ రంధ్రం పూడుకుని ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ళు పోసి తెరిపిస్తే ఖర్చు లేకుండానే పోయే తలనొప్పి అది.

గ్యాస్ స్టవ్, హాబ్. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు కొసలు వస్తుంటే బర్నరు రంధ్రాలు పూడి ఉండొచ్చు, లేదా గాలి సరిగా కలవడం లేదు. పైపు జాయింట్లకు సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల వెలిగించి చూడడం అస్సలు వద్దు. బుడగ కనబడితే వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, గ్యాస్ పని తెలిసిన లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. నాబ్ తిప్పితే నిప్పురవ్వ రాకపోతే రిపేరు అనుకునే ముందు బ్యాటరీ ఉందేమో వెతకండి. చాలా హాబ్‌లలో ఇగ్నిషన్ మామూలు బ్యాటరీ మీద నడుస్తుంది, అదే అయిపోయి ఉంటుంది.

చిమ్నీ. పూర్తి స్పీడులో పెట్టి ఫిల్టరు దగ్గర పల్చని టిష్యూ కాగితం పట్టండి. అతుక్కోవాలి. మోటారు మోగుతూ కాగితం జారిపోతే ఫిల్టరో, పొగ బయటికి పంపే గొట్టమో (డక్టు) జిడ్డుతో మూసుకుని ఉండొచ్చు. లోహపు జాలీ ఫిల్టర్లను వేడి నీళ్ళు, సబ్బుతో కడగొచ్చు. పొగ బయటికి పంపని రకంలో ఉండే చార్‌కోల్ ఫిల్టర్లు ఎక్కువగా కడిగేవి కావు, మార్చేయాలి.

డిష్‌వాషర్. ఖాళీగా ఒక చిన్న సైకిల్ నడపండి. అయ్యాక అడుగున నీళ్ళు మిగిలాయా, తలుపు కింద నేల తడిసిందా చూడండి. కింది ఫిల్టరు, తిరిగే చేతుల రంధ్రాలు శుభ్రం చేశాక ఇంకోసారి నడిపి చూశాకే మెకానిక్‌ని పిలవండి. నెలల తరబడి వాడకుండా వదిలేసిన మెషిన్ వాసన కొడుతుంది, సీళ్ళు ఎండిపోతాయి. కాబట్టి ఈ పరీక్ష ఆఖరి వారానికి వాయిదా వేయకండి.

ఓవెన్. లోపల థర్మామీటరు పెట్టి 180 డిగ్రీలకు సెట్ చేయండి. వేడెక్కాక కూడా ఓ పావుగంట ఆగి చూడండి. కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగడం మామూలే, భారీ తేడా ఉంటే వేడిని అదుపు చేసే థెర్మోస్టాట్‌ని అనుమానించాలి. తలుపు సందు లేకుండా పూర్తిగా మూసుకోవాలి. ఓవెన్‌కి అత్యంత వేడితో తనను తానే కాల్చి శుభ్రపరుచుకునే ఆప్షన్ ఉంటే, ఇల్లు చూపించే ముందు వారంలో దాని జోలికి పోకండి. ఆ వేడికి ఫ్యూజులు, సెన్సర్లు పోవడం కొత్త కాదు. మరకలకు చేత్తో తుడుచుకోవడమే నయం.

మైక్రోవేవ్. ఒక కప్పు నీళ్ళు రెండు నిమిషాలు ఫుల్ పవర్‌లో పెట్టండి, పొగలు కక్కేంత వేడెక్కాలి. ఎక్కకపోతే పైకప్పు విప్పి చూడాలన్న సరదా వద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

## 3. వయసు చూడండి, కానీ దానికే లొంగిపోకండి

మోటు లెక్కకు ఫ్రిజ్ 10 నుంచి 15 ఏళ్ళు, డిష్‌వాషర్ 10 ఏళ్ళ చుట్టుపక్కల, గ్యాస్ హాబ్ 15 దాకా, మైక్రోవేవ్ అంతకంటే తక్కువ కాలం వస్తాయి. వాడకం బట్టి ఇవి చాలా మారతాయి.

మనం వాడుకునే సామానైతే "రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, వయసు కూడా సగం దాటితే మార్చెయ్" అన్న పాత కొలత సరిపోతుంది. అమ్మేటప్పుడు ఆ కొలత మీదే ఆధారపడకూడదు. మరో పదేళ్ళు నడవాలన్న అవసరం మీకు లేదు. కొనేవాళ్ళ చేతికి వెళ్ళేనాటికి నిజాయితీగా పనిచేస్తుండాలి, చూడ్డానికి శుభ్రంగా ఉండాలి. అంతే.

## 4. మూడు అంకెలు రాయండి

మొదటి అంకె: మార్చడానికి అయ్యే మొత్తం. వస్తువు ధర ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. రవాణా, బిగింపు, కప్‌బోర్డు కోత, గట్టు కోత, వైరింగ్ మార్పు, పాతది తీసుకెళ్ళే ఖర్చు కలపండి. గట్టు కొయ్యాల్సి వస్తే ఆ ఒక్క పని హాబ్ ధరని మించిపోవచ్చు.

రెండో అంకె: ఇప్పుడున్నట్టే అమ్మితే తగ్గే ధర. దీన్ని మీరు ఊహించకండి. ఇళ్ళు అమ్మిపెట్టే ఇద్దరు ముగ్గురు మధ్యవర్తుల్ని విడివిడిగా పిలిచి వంటిల్లు చూపించండి. "మార్చమంటారా?" అని అడిగితే అందరూ మార్చమనే అంటారు, వాళ్ళ డబ్బు కాదు కదా. ఇలా అడగండి: "ఇలాగే ఉంచితే ఎంతకు పోతుంది? హాబ్, ఓవెన్ మారిస్తే ఎంతకు పోతుంది?" రెండు అంకెలూ విడిగా చెప్పించండి.

మూడో అంకె: ఇల్లు ఒక నెల అమ్ముడుపోకుండా ఉంటే మీకు పడే భారం. అప్పు వడ్డీ, మెయింటెనెన్స్, పన్ను, ఖాళీగా ఉంచితే పోయే అద్దె. వంటిల్లు చూసి వెనక్కిపోతున్నారని మధ్యవర్తులు గట్టిగా చెబితేనే దీన్ని లెక్కలోకి తీసుకోండి.

ఒక ఉదాహరణ. మార్చడానికి మొత్తం 100 అవుతుందనుకుందాం. అలాగే అమ్మితే 60 తగ్గుతుంది, నెల ఆలస్యానికి భారం 20. ఆలస్యం ఒక్క నెలే అనుకుంటే 60కి 20 కలిపి 80, మార్చడం నష్టం. అదే మూడు నెలలు పడుతుందనుకుంటే 60కి 60 కలిసి 120, అప్పుడు మార్చాలి. అంకెలు దగ్గర దగ్గరగా, అంటే 95కి 100కి మధ్య ఊగుతుంటే, మార్చకండి. పని మొదలుపెట్టాక ఖర్చు పెరగడమే చూశాను గానీ తగ్గడం ఎప్పుడూ చూడలేదు.

ఇంకో మాట. మీ చుట్టుపక్కల అదే ధరకు అమ్ముడవుతున్న ఇళ్ళ వంటిళ్ళ ఫొటోలు పదైనా చూడండి. అన్నిట్లో బిల్ట్-ఇన్ ఓవెన్ ఉండి మీ ఇంట్లో ఖాళీ గూడు ఉంటే ఆ లోటు తెలుస్తుంది. ఎవరి ఇంట్లోనూ లేని ఖరీదైన రకం పెడితే ఆ డబ్బు తిరిగి రాదు. చుట్టుపక్కల స్థాయికి సరితూగితే చాలు.

## 5. ఒక్కో వస్తువుకి ఒక దారి ఎంచుకోండి

నోటుబుక్కులో ఒక్కో పేజీ కింద వీటిలో ఒకటే రాయండి.

- శుభ్రం చేసి వదిలేయడం: పనిచేస్తోంది, చూడ్డానికి ఫరవాలేదు. ఎక్కువ వస్తువులు ఇందులోకే వస్తాయి.
- విడిభాగం మార్చడం: పనిచేస్తోంది, కానీ ఏదో ఒకటి విరిగి, అరిగి కంటికి కొడుతోంది.
- రిపేరు: లోపం ఒక్కటే, మెకానిక్ రాతపూర్వకంగా ఖర్చు చెప్పాడు.
- మార్చడం: ఇంటితో వెళ్ళే వస్తువు, పనిచేయదు, లేదా ప్రమాదకరం.
- తీసేయడం: విడిగా ఉండే పాత ఫ్రిజ్, మైక్రోవేవ్ లాంటివి. చెడ్డది ఉండడం కంటే శుభ్రమైన ఖాళీ చోటే బాగుంటుంది.
- ధరలో సర్దడం: మార్చాల్సిందే, కానీ ఏ రకం కావాలో కొనేవాళ్ళకే వదిలేసి, ఆ మేరకు మినహాయింపు ఇవ్వడం.

ఈ చివరిది చాలామందికి తట్టదు. గ్యాస్ నుంచి ఇండక్షన్‌కి మారాలా వద్దా లాంటి ఇష్టాయిష్టాలున్న చోట ఇదే ఉత్తమం. మీరు ఎంచి తెచ్చిన గ్యాస్ హాబ్‌ని వాళ్ళు మొదటి నెలలోనే పీకేయొచ్చు.

రెండోదాని గురించి, అంటే విడిభాగం మార్చడం గురించి, కొంచెం ఎక్కువ చెప్పాలి, అతి తక్కువ డబ్బుతో అతి ఎక్కువ తేడా వచ్చేది అక్కడే. హాబ్ నాబ్‌ల మీద గుర్తులు చెరిగిపోయి ఉంటాయి. ఫ్రిజ్‌లో ఒక అర పగిలి టేపుతో అతికించి ఉంటుంది. ఓవెన్ బల్బు ఎప్పుడో పోయి ఉంటుంది. చిమ్నీ ఫిల్టరు నల్లబడి ఉంటుంది. ఇవేవీ పనికి అడ్డు కావు కాబట్టి ఏళ్ళ తరబడి మనకి కనబడవు. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు కనబడేవి అవే. మోడల్ నంబరుతో వెతికితే నాబ్‌లు, హ్యాండిళ్ళు, అరలు, తలుపు రబ్బర్లు విడిగా దొరుకుతాయి. దొరకని పాత మోడలైతే ఆ విషయం కూడా పేజీలో రాయండి, అది మార్చడం వైపు మొగ్గే కారణం.

నేను ఒకసారి ఇల్లు అమ్ముతూ హాబ్ ఒక్కటి మార్చాను. నల్లని గాజుతో మెరిసిపోతోందని మురిసిపోయాను. చూడటానికి వచ్చిన మొదటి జంటలో ఆవిడ అడిగింది: "హాబ్ కొత్తది పెట్టారు, ఓవెన్ ఎందుకు మార్చలేదండీ, ఏమైనా ఇబ్బందా?" అప్పటిదాకా ఆ ఓవెన్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మార్చాల్సి వస్తే పక్కపక్కనే కనబడే వాటిని జతగా చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. రంగు, పూత కలిసేవి తెచ్చుకోండి. తెలుపు వస్తువుల మధ్య ఒక్క స్టీలు వస్తువు పెడితే మిగతావన్నీ ఇంకా పాతగా కనబడతాయి.

## 6. మార్చాలనే తేలితే

కొలతలు. గూడు వెడల్పు, ఎత్తు, లోతు ఒక్కొక్కటి మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటే చిన్న అంకె తీసుకోండి. గోడలు, అల్మరాలు సూటిగా ఉండవు. డిష్‌వాషర్లు ఎక్కువగా 60 లేదా 45 సెంటీమీటర్ల వెడల్పులో, బిల్ట్-ఇన్ ఓవెన్లు 60లో వస్తాయి. హాబ్‌కి మాత్రం పై కొలత వేరు, గట్టులో కోసిన రంధ్రం కొలత వేరు. పాత రంధ్రం కొలతకి సరిపోయేదే వెతకండి. కొత్తది చిన్నదైతే చుట్టూ ఖాళీ మిగులుతుంది, పెద్దదైతే రాయి కొయ్యాలి.

ఫ్రిజ్‌కి కంపెనీ కాగితంలో చెప్పినంత గాలి ఖాళీ పక్కనా వెనకా వదలాలి. తలుపు గోడకు కొట్టుకోకుండా పూర్తిగా తెరుచుకోవాలి, లేకపోతే లోపలి డ్రాయర్లు బయటికి రావు. వీధి తలుపు, మెట్ల మలుపు, లిఫ్టు వెడల్పు కూడా కొలవండి. ఇది మరిచిపోయి వస్తువు వీధిలోనే నిలబడ్డ ఇళ్ళు చూశాను.

కరెంటు. 7 కిలోవాట్ల ఇండక్షన్ హాబ్ 230 వోల్టుల దగ్గర సుమారు 30 ఆంపియర్లు లాగుతుంది, మామూలు సాకెట్‌కి అది తగదు. దానికి విడిగా 32 ఆంపియర్ల లైను, తగిన మందం వైరు ఉండాలి. ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించి తర్వాతే ఆర్డరు పెట్టండి. గ్యాస్ తీసేస్తే పైపు కొసను లైసెన్సు ఉన్నవాళ్ళతోనే మూయించాలి.

రకం. మధ్యస్థ శ్రేణి, తెలిసిన బ్రాండు, చుట్టుపక్కల సర్వీసు దొరికేది. ఇంటర్నెట్‌కి కలిపే హంగులకు అమ్మకంలో విలువ రాదు. వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

పాతది. ఫ్రిజ్‌లో చల్లబరిచే వాయువు ఉంటుంది. దాన్ని పద్ధతి ప్రకారం తీయాలి, చెత్తకుప్పలో పడేయకూడదు. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఎ మండే వాయువు, పైపు కోసి వదలడం ప్రమాదం. కొత్తది అమ్మేవాళ్ళు పాతది తీసుకెళ్తారేమో అడగండి. ఎవరైనా వచ్చి పట్టుకెళ్ళేదాకా బయట పెట్టాల్సి వస్తే తలుపు ఊడదీసి పెట్టండి, పిల్లలు లోపల దూరి ఇరుక్కుంటారు.

## 7. ఏది ముందు, ఏది తర్వాత

1. అమ్మకానికి పెట్టడానికి ఎనిమిది వారాల ముందు: జాబితా, పరీక్షలు, మధ్యవర్తుల అంకెలు.
2. ఏడు వారాల ముందు: రిపేరు ఖర్చులు రాయించుకోవడం, విడిభాగాల ఆర్డరు. పాత మోడళ్ళ భాగాలు రావడానికి వారాలు పడతాయి.
3. ఆరు వారాల ముందు: మార్చేవాటి కొలతలు, వైరింగ్ తనిఖీ, ఆర్డరు.
4. మూడు వారాల ముందు నాటికి: బిగింపు పూర్తి. ప్రతి వస్తువూ రెండుసార్లు నడిపి చూడటం. మొదట్లోనే పాడయ్యే కొత్త వస్తువులూ ఉంటాయి.
5. రెండు వారాల ముందు: జిడ్డు వదలగొట్టడం.
6. ఆఖరి వారం: ఫొటోలు.

ఫొటోలు ముందే తీసేసి "మార్చబోతున్నాం" అని రాయకండి. వచ్చినవాళ్ళు పాతవాటినే చూసి పోతారు.

## 8. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే మార్గం

స్టీలు మీద గీతలు. స్టీలు పీచుతో రుద్దడం వల్ల వస్తాయి. మెత్తటి బట్ట, కొద్దిగా సబ్బు నీళ్ళు వాడి, స్టీలులో కనబడే సన్నని గీతల దిశలోనే తుడవాలి. పడిన గీత తేలిగ్గా పోదు, ఇక రుద్ది పెంచకండి.

పాత ఫ్రిజ్‌కి స్ప్రే రంగు. దగ్గరికొస్తే తెలిసిపోతుంది, "ఏం దాస్తున్నారు?" అనిపిస్తుంది. తుప్పు చుక్క ఒకటో రెండో ఉంటే టచప్ రంగుతో సరిపెట్టండి. అంతకు మించితే ఫ్రిజ్‌ని తీసేయడమే.

ఫ్రిజ్ ఆపి, తలుపు మూసి వెళ్ళిపోవడం. ఖాళీ ఇంట్లో ఇది ఖాయంగా బూజు పట్టిస్తుంది. ఆపితే లోపల పొడిగా తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. ఇల్లు చూపించే రోజుల్లో ఆన్‌లోనే ఉంచడం మంచిది, లైటు వెలగడం, చల్లగా ఉండడం వాళ్ళు చూసుకుంటారు.

పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్‌ని వెంటనే ఆన్ చేయడం. నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి, కంప్రెసర్ నూనె తిరిగి కిందికి దిగాలి.

లోపం దాచడం. "మూడో బర్నరు ఒక్కోసారి వెలగదు" అని ముందే చెబితే చిన్న బేరంతో పోతుంది. అమ్మకం పూర్తయ్యాక బయటపడితే గొడవ ఒక్క బర్నరుతో ఆగదు.

## 9. ఇల్లు చూపించే రోజు ఉదయం

☐ ఓవెన్, ఫ్రిజ్, డిష్‌వాషర్ తలుపులు మీరే ఒకసారి తెరిచి వాసన చూశారా (వాళ్ళు తప్పకుండా తెరుస్తారు)
☐ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతాలు, చీటీలు తీశారా
☐ అన్ని బర్నర్లూ వెలుగుతున్నాయా, చిమ్నీ లైటు పనిచేస్తోందా
☐ గట్టు మీద చిన్న మెషిన్లు ఒకటో రెండో మించి లేవుగా
☐ మీతో తీసుకెళ్ళే వస్తువుల మీద చీటీ అంటించారా
☐ బిల్లులు, వారంటీ కాగితాలు, వాడకం పుస్తకాలు, రిపేరు రసీదులు ఒక ఫైల్లో ఉన్నాయా

ఆ ఫైలుని వంటింటి గట్టు మీదే పెట్టండి. ఫ్రిజ్ ఎన్నేళ్ళదని ఎవరైనా అడిగితే నోటితో చెప్పే బదులు రసీదు చూపించండి.